మగ్గాల నగరంలో మంద్రస్వరం

సూరత్ నగరాన్ని గుర్తుపట్టడానికి కళ్లు అక్కరలేదు, చెవులు చాలునని మా మేనమామ ఒకప్పుడు మా అమ్మకు ఉత్తరం రాశాడు. ఆయన సిరిసిల్ల విడిచి ఆ నగరం చేరుకున్నది 1981లో. అప్పటికి ఆయన వయస్సు 19 ఏళ్లు. రైలు దిగి లింబాయత్ వైపు నడుస్తూంటే మగ్గాల చప్పుడే తనకు దారి చూపిందని ఆయన రాసిన మాటను మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు. మొన్నటి సంక్రాంతికి నేను ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి పలకరించినప్పుడు, తలుపు తీసిన మామయ్య నా పెదవుల వంక చూసి గాని నేనేమన్నానో తెలుసుకోలేకపోయాడు. 38 ఏళ్లపాటు అన్నం పెట్టిన ఆ చప్పుడే ఆయన చెవులను కొద్దికొద్దిగా తీసుకుపోయింది.

నన్ను రమ్మన్నది మామయ్య కొడుకు, నాకు బావమరిది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన ఆ యువకుడు మగ్గం ముట్టలేదు. కార్లకు స్టీరియోలు, స్పీకర్లు అమర్చే దుకాణంలో పనివాడు. ఇటీవల ఒక పాత కారు కొన్నాడు. దానితోపాటు వచ్చిన స్టీరియోకు సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ బిగించాలని అతని సంకల్పం. ఫోనులో అతడన్న మాట నన్ను ప్రయాణానికి పురికొల్పింది.

"నాయినకు పాటలంటే పాణం, బావా. స్టీరియో ఎంత పెంచినా ఇనబడుతలేదంటడు. అమ్మకేమో తలనొస్తది. నువ్వు కాలేజీల ఫిజిక్సు చెప్తవు గద, జర వచ్చి చూడు."

సికింద్రాబాదు నుంచి రాజ్‌కోట్ వెళ్లే రైలెక్కాను. షోలాపూరు, పుణె, కల్యాణ్ దాటి ఉత్తరానికి తిరిగే ఆ దారి తెలంగాణ నేత కుటుంబాలకు చిరపరిచితమైనది. చేనేతకు గిరాకీ సన్నగిల్లిన రోజుల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు షోలాపూరుకు, భివండీకి, ముంబయికి, సూరత్‌కు తరలిపోయారు. ఎక్కడ మగ్గం ఉంటే అక్కడే ఊరు కట్టుకున్నారు.

తపతీ తీరాన తెలుగు పేట

సూరత్‌కూ మనకూ ఉన్న చుట్టరికం మగ్గాలతో మొదలైనది కాదు. 1611లో మన మచిలీపట్నంలో వర్తకపు కోఠీ తెరిచిన ఆంగ్లేయులు, 1613లో మొగలు పాదుషా జహంగీరు అనుమతితో సూరత్‌లో స్థిరపడ్డారు. కృష్ణా తీరపు కలంకారీ అద్దకాలూ, తపతీ తీరపు పట్టు జరీలూ ఒకే కంపెనీ లెక్కల పుస్తకాలకు ఎక్కాయి. తరువాత బొంబాయి రేవు పెరిగి సూరత్ రేవు వెనుకబడినా, బట్ట మాత్రం ఈ నగరాన్ని విడిచిపోలేదు. నేడు దేశంలో కృత్రిమ దారంతో నేసే చీరలకు ఇదే పెద్ద కేంద్రం. రింగ్ రోడ్డు మార్కెట్లలో ఉదయం నుంచి రాత్రి దాకా చీరల మూటలు మోసే బండ్ల సందడి చూస్తే, ఇక్కడ తీరిక అనే మాటకు అర్థం ఉందా అన్న సందేహం కలుగుతుంది.

రైలుమార్గానికి ఆవలి పక్కన ఉన్న లింబాయత్‌లో అడుగుపెడితే తెలుగు మాట చెవిన పడుతుంది. పక్క సందులో మరాఠీ, దాని పక్కన ఒడియా, అంగడిలో గుజరాతీ. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. మా బావమరిది అక్షరాలు దిద్దుకున్నది అటువంటి తెలుగు బడిలోనే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం నగరం విడిచిపోయినప్పుడు మామయ్య కుటుంబం సిరిసిల్లకు పోయి, తిరిగి వచ్చింది. 2006 ఆగస్టులో తపతి పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. "మగ్గం ఈడున్నది, మేమెక్కడికి పోతం?" అని అత్తయ్య అన్నది.

సీతా, గీతా?

పాతకాలపు షటిల్ మరమగ్గాలు బారులు తీరి ఆడే షెడ్డులో శబ్దం సాధారణంగా 95 నుంచి 105 డెసిబెళ్ల దాకా ఉంటుంది. మన ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటల పనికి విధించిన పరిమితి 90. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1998లో చేసిన సిఫారసు ఇంకా కఠినమైనది. దాని ప్రకారం 85 డెసిబెళ్లను 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ కాలం సగానికి తగ్గాలి. 100 డెసిబెళ్ల వద్ద లెక్క చూస్తే మిగిలేది 15 నిమిషాలు. మామయ్య రోజుకు 12 గంటలు పనిచేశాడు.

ఈ రోగం కొత్తది కాదు. 1886లో గ్లాస్గో నగరంలో థామస్ బార్ అనే వైద్యుడు బాయిలర్లు తయారుచేసే 100 మంది కార్మికుల చెవులు పరీక్షించి, వారిలో ఒక్కరికైనా వినికిడి సరిగా లేదని కనుగొన్నాడు. మన దేశంలో శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం వృత్తివ్యాధుల జాబితాలో ఉంది, చట్టం కింద పరిహారానికి అర్హమైనది కూడా. అయితే కాగితంమీద నౌకరీ లేనివాడికి చట్టమున్నా లేనట్టే. మామయ్య పేరు ఏ హాజరుపట్టీలోనూ లేదు.

వినికిడి పోయే తీరులో ఒక విచిత్రమున్నది. మన సంగీతజ్ఞులు నాదాన్ని మంద్ర, మధ్య, తార స్థాయిలుగా చెబుతారు. మగ్గపు మోత చెవిని మొదట దెబ్బకొట్టేది పై స్థాయిలో, సెకనుకు 4,000 కంపనాల ప్రాంతంలో. లోచెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని రోమకణాలు అక్కడ ముందుగా నశిస్తాయి, మళ్లీ మొలవవు. మంద్రస్థాయి చాలాకాలం మిగిలే ఉంటుంది. మాటలో అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటే, స, శ, త, ఫ వంటి హల్లుల పదును పై స్థాయిలో ఉంటుంది. కనుక మామయ్యకు ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. 'సీత' అన్నా 'గీత' అన్నా ఆయనకు ఒక్కటే.

ఆయనకు వినికిడి యంత్రం లేకపోలేదు. కొని రెండేళ్లయింది, సొరుగులో ఉంది. అన్ని చప్పుళ్లనూ కలిపి పెంచుతున్నదని విసుగుపుట్టి తీసేశాడు. అది కొన్నచోట ఒకసారి బిగించి పంపారే గాని, మళ్లీ మళ్లీ పిలిచి ఆయన చెవికి సరిపడేట్టు సవరించినవారు లేరు.

కారులో ఒక పూట పని

జనవరి 13వ తేదీ ఉదయం బావమరిది నన్ను తన దుకాణానికి తీసుకువెళ్లాడు. దారిలో ఒక బండి దగ్గర ఆగి పోంక్ తినిపించాడు. అది మన ఊచబియ్యమే, లేతజొన్న కంకులను నిప్పులో కాల్చి దులిపిన గింజలు. చలికాలంలో సూరత్ వాసులకు ప్రాణప్రదమైన ఆ రుచి నాకు మా ఊరి చేను గట్టును గుర్తుచేసింది.

కంపెనీ నుంచి వచ్చే స్టీరియోలో మంద్రస్వరం ఎందుకు పలకదో అతడు పని చేస్తూనే వివరించాడు. నేను తరగతి గదిలో చెప్పే పాఠమే అది, అతని చేతుల్లో మరింత స్పష్టమైంది. కారు విద్యుత్తు 12 వోల్టులది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు సుమారు 14. ఆ కొద్ది వోల్టేజీతో స్టీరియో ఒక్కొక్క స్పీకరుకు నిలకడగా ఇవ్వగలిగేది 15 నుంచి 20 వాట్లే. పెట్టె మీద 50 అని అచ్చువేసినా అది క్షణకాలపు లెక్క. పైగా సెకనుకు 40 కంపనాల శబ్దతరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంతటి తరంగాన్ని కదిలించడానికి చాలా గాలిని తొయ్యాలి. తలుపులో ఇమిడే చిన్న స్పీకరుకు ఆ శక్తి లేదు. దానికితోడు రోడ్డుమీద చక్రాల హోరు కూడా మంద్రస్థాయిదే కాబట్టి, ఉన్న కొద్దిపాటి స్వరాన్నీ అదే మింగేస్తుంది.

"అందుకే జనం వాల్యూం పెంచుతరు బావా. పెంచితే పైస్వరం చెవుల పొడుస్తది, కిందిది మాత్రం రాదు."

అతడు మొదట బ్యాటరీ తీగ విప్పాడు. ఎర్రని లావుపాటి తీగ ఒకటి నేరుగా బ్యాటరీ నుంచి తీసి, దానికి జానెడు దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. యాంప్లిఫయర్ 250 వాట్లది. అది పూర్తిగా పనిచేస్తే సుమారు 23 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజు యాంప్లిఫయర్ కోసం కాదు, తీగ కోసమని అతడు నొక్కి చెప్పాడు. తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకు తగిలితే, ఫ్యూజు దగ్గరగా లేనిపక్షంలో కారే తగలబడవచ్చు. ఇంజన్‌కూ లోపలి భాగానికీ మధ్య ఉన్న రేకుగోడలోంచి తీగను దూర్చేటప్పుడు రంధ్రానికి రబ్బరు ఉంగరం తొడిగినదీ అందుకే.

ఆ తీగను కారు ఎడమ పక్కగా వెనుకకు నడిపించాడు. స్వరం మోసుకుపోయే తీగలను కుడి పక్కగా తీశాడు. రెండూ కలిసి నడిస్తే ఇంజన్ వేగంతోపాటు పెరిగే ఈలకూత ఒకటి స్పీకర్లలో చొరబడుతుందట. కంపెనీ స్టీరియోలో బయటి యాంప్లిఫయర్‌కు వేరుగా ద్వారం లేదు. అందుచేత వెనుక స్పీకర్లకు పోయే తీగల నుంచే స్వరాన్ని తీసుకుని, దాని బలం తగ్గించి ఇచ్చే చిన్న కన్వర్టరు పెట్టాడు. అసలు తీగలను కోయకుండా కప్లర్లతో కలిపాడు. ఎప్పుడైనా విప్పితే కారు యథాతథంగా ఉండాలన్నది అతని నియమం. నల్లతీగను వెనుక సీటు కింద రంగు గీకి, తళతళలాడే ఇనుముకు బోల్టు వేసి బిగించాడు. స్టీరియో వెలిగినప్పుడే యాంప్లిఫయర్ వెలిగేట్టు సన్నని తీగ మరొకటి కలిపాడు. లేకుంటే తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ.

10 అంగుళాల సబ్‌వూఫరును అన్ని పక్కలా మూసిన చెక్కపెట్టెలో అమర్చి డిక్కీలో పెట్టాడు. గాలికంత వదిలిన పెట్టె ఎక్కువ మోగుతుంది గాని, మూసిన పెట్టె దెబ్బ బిగువుగా, తేటగా ఉంటుందన్నాడు. చివరగా యాంప్లిఫయర్ మీది రెండు మరలు తిప్పాడు. మొదటిది 80 కంపనాలకు పైనున్న స్వరాన్ని ఆపివేసేది. రెండవది గెయిన్. ఇక్కడే చాలామంది పొరబడతారట. గెయిన్ అనేది శబ్దాన్ని పెంచే మర కాదు, స్టీరియో ఇచ్చే స్వరానికీ యాంప్లిఫయర్ శక్తికీ పొత్తు కుదిర్చేది. దాన్ని చివరిదాకా తిప్పితే స్వరం విరిగి, సబ్‌వూఫరు తీగచుట్ట మాడిపోతుంది.

పాట మొదలైంది. మృదంగపు ఎడమ మూతి తొప్పి పలికినట్టు, అంతదాకా లేని ఒక పునాది ఆ పాట కింద ఏర్పడింది. అప్పుడు అతడు చేసిన పని నన్ను ఆశ్చర్యపరిచింది. స్టీరియో వాల్యూమును తగ్గించాడు.

"కింద స్వరం నిండితే పైన గట్టిగ అక్కరలేదు. ఈ ముచ్చట గిరాకీలకు చెప్తే ఇనరు. అద్దాలు అదరాలంటరు."

నేను ఫోనులోని డెసిబెల్ మీటరు తీసి చూశాను. 76 చూపింది. ఫోన్లు సాధారణంగా మంద్రస్వరాన్ని తక్కువగా లెక్కిస్తాయి, అసలు ఒత్తిడి అంతకంటె ఎక్కువే ఉంటుంది. ఆ మాటే చెప్పి, గిరాకీల కార్లలో రోజుకు ఎన్ని గంటలు ఇలా కూర్చుంటావని అడిగాను. అతడు లెక్క వేసుకున్నాడు. పండుగల రోజుల్లో ఐదారు గంటలు. అద్దాలు అదిరే కార్లలో మీటరు 105 దాటడం తాను చూశానన్నాడు. రాత్రి పడుకున్నాక చెవుల్లో కీచురాయి కూసినట్టుంటుందని, తెల్లవారేసరికి పోతుందని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కూత చెవి చేసే మొదటి ఫిర్యాదు. కొన్నాళ్లకు అది తెల్లవారినా పోదు.

మేడమీది పండుగ

మరునాడు ఉత్తరాయణం. సూరత్‌లో ఆ రోజు నేలమీద మనుషులుండరు. ప్రతి మేడమీదా గాలిపటాలు, ప్రతి మేడమీదా స్పీకర్లు. పటం తెగినప్పుడల్లా మేడలన్నీ ఒక్కసారిగా కేక వేస్తాయి. దుంపలు, చిక్కుళ్లు, వంకాయలు కలిపి వండిన ఉంధియు పొరుగింటి గుజరాతీ ఇల్లాలు పంపితే, అత్తయ్య ఆ గిన్నెలోనే సకినాలు పెట్టి తిరిగి పంపింది.

ఆ హోరులో అందరం ఒకరికొకరం అరుచుకుంటున్నాము. మామయ్య ఒక్కడే నిదానంగా ఉన్నాడు. పక్క మేడమీద ఆయనతో కలిసి పనిచేసిన ఒడియా కార్మికుడొకడు కనిపించాడు. ఇద్దరూ పెదవులు కదిపి, వేళ్లతో సైగలు చేసుకుని, ఏదో హాస్యమాడుకుని పకపక నవ్వారు. ఇద్దరి నోటా శబ్దం లేదు. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లో నేతగత్తెలు కూడా ఇలాగే పెదవులతో మాట్లాడుకునేవారని, ఆ పద్ధతికి 'మీ-మా' అని పేరుండేదని చదివాను. లింబాయత్‌లో దానికి పేరు లేదు. అవసరమే దాన్ని నేర్పింది.

నేను మామయ్యకు ఎదురుగా కూర్చుని, దుకాణంలో విన్న సంగతి నెమ్మదిగా చెప్పాను. చెవిలో కీచురాయి అనే మాట దగ్గర ఆయన ముఖం మారింది. కొడుకును దగ్గరకు పిలిచాడు. ఆయన గొంతు తనకు వినపడదు కనుక పెద్దగా పలికింది.

"నాకు గట్లనే మొదలైంది బిడ్డా. తెల్లారితె పోతుండె. నాకు తెల్వదు, చెప్పెటోడు లేడు. నీకు తెలుసు. తెలిసి గూడ పోగొట్టుకుంటవా?"

కుర్రవాడు తల వంచుకున్నాడు. కొంతసేపటికి, "చెవులకు మఫ్లు పెట్టుకుంటే దుకాణంల నవ్వుతరు నాయినా" అన్నాడు. ఆ మాట తండ్రి పెదవుల మీద చదవలేకపోయాడు, మళ్లీ చెప్పమన్నాడు. రెండవసారి చెప్పడానికి కుర్రవాడికి నోరు రాలేదు.

రాత్రి 10 గంటల తరువాత ఆరుబయట స్పీకర్లు మోగించరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెబుతాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను మించరాదని కూడా వాటిలోనే ఉంది. ఆ రాత్రి మేడలు ఒక్కొక్కటే మౌనం వహిస్తూంటే, దూరాన మగ్గాల చప్పుడు కోసం చెవి ఒగ్గాను. పండుగకు షెడ్డులన్నీ మూతపడ్డాయి. 1981లో మామయ్యకు దారి చూపిన ధ్వని ఆ ఒక్కరోజు లేదు.

డుమస్ దారిలో

మరునాడు సాయంత్రం అందరం కారులో డుమస్ సముద్రతీరానికి బయలుదేరాము. మామయ్య ముందు సీటులో కూర్చున్నాడు. అత్తయ్యకు తలనొప్పి రాని స్థాయిలో పాత తెలుగు పాట ఒకటి మొదలైంది. ఆయన అరచేతిని తలుపు మీద ఆనించాడు. కొంతసేపటికి ఆ వేళ్లు తాళం వేయసాగాయి.

"డప్పు ఇనవడుతున్నది" అన్నాడు. ఆ పైన, "మాటలేందిరా?" అని అడిగాడు.

ఇదే నేను ముందుగా చెప్పవలసి ఉండి, చెప్పడానికి జంకిన మాట. సబ్‌వూఫరు ఇవ్వగలిగింది ఆయనకు ఇంకా మిగిలి ఉన్న స్వరాన్ని మాత్రమే. పోయిన స్వరాన్ని ఏ యాంప్లిఫయర్ తీసుకురాలేదు. వినికిడి యంత్రాన్ని సొరుగులోంచి తీసి, చెవి పరీక్ష పట్టీ చూసి, ఏ స్థాయి ఎంత పెంచాలో ఓపికగా సవరించగల నిపుణుడి దగ్గర కూర్చోవాలి. అప్పుడైనా కొంతే. నేను ఆ సంగతి చెప్పగా బావమరిది శ్రద్ధగా విన్నాడు. "అంటే గెయిన్ ఒక్కటే పెంచిన్రు, ఫిల్టర్ పెట్టలే" అని తన పని భాషలో అర్థం చేసుకున్నాడు. అంతకంటె చక్కగా నేనూ చెప్పలేను.

అతడు కారును పక్కకు ఆపాడు. ఇంజన్ కట్టేసి, తండ్రి వైపు పూర్తిగా తిరిగి, పాటలోని మాటలను ఒక్కొక్కటిగా పెదవులతో పలికాడు. వెనుక సబ్‌వూఫరు దరువు వేస్తూనే ఉంది. మామయ్య కొడుకు పెదవులు చూస్తూ, తలుపు మీద తాళం తప్పకుండా, పాటను పూర్తిగా విన్నాడు.

నేను తిరిగి వచ్చేనాడు తండ్రీకొడుకులిద్దరూ స్టేషనుకు వచ్చారు. దారిలో దుకాణం ముందు ఒక్క నిమిషం ఆగాము. పనిముట్ల గోడకు మేకుకు తగిలించి, చెవులను మూసే ఎర్రని మఫ్లు ఒక జత కనిపించాయి. కొత్తవి, ధర చీటీ ఇంకా చింపలేదు. అతడు వాటిని పెట్టుకుంటాడో లేదో నేనడగలేదు.

రైలు పెట్టె అద్దాలు బిగించినవి. బయట మామయ్య ఏదో అంటున్నాడు. గొంతు వినపడలేదు. ఆయన దాన్ని గమనించి, మగ్గాల షెడ్డులోలాగా పెదవులను విప్పి, ఒక్కొక్క అక్షరమే పలికాడు. "చేరినంక ఫోన్ చెయ్. ఆనికి చెప్త, నాకు చెప్తడు."

ఒక్క మాట పొల్లుపోకుండా నాకు అర్థమైంది.